లైన్ ఫాలోవరా, బ్లూటూత్ కారా: మినీ ప్రాజెక్టుకు ఏది మేలు?

మినీ ప్రాజెక్టుకు బ్యాచ్‌లు వేసిన మర్నాటి నుంచి ల్యాబ్ గుమ్మం దగ్గర వినిపించే ప్రశ్న ఒకటే. "సార్, బ్లూటూత్ కారు చేయమంటారా, లైన్ ఫాలోవర్ చేయమంటారా?" మొదటిది ఫోన్‌తో నడిపే బుల్లి కారు, రెండోది నేల మీది నల్ల గీతను సెన్సర్లతో చూసుకుంటూ తనంతట తానే పోయే బండి. ప్రతి బ్యాచ్‌కూ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. కోడ్ రాసి నడిపించే ఆర్డుయినో బోర్డుతో ఎల్ఈడీ వెలిగించడం వరకూ మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సామాను దగ్గర పెద్ద తేడా లేదు. ఆర్డుయినో ఊనో బోర్డు, రెండు బీవో మోటార్లు (బ్యాటరీతో తిరిగే చిన్న గేరు మోటార్లు), చక్రాలు, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్, ముందు ఎటైనా తిరిగే ఒక కాస్టర్ వీల్, బ్యాటరీలు. ఇవన్నీ దేనికైనా కావాల్సిందే. వీటికి తోడు కారుకైతే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, ఫాలోవర్‌కైతే తెలుపూ నలుపూ గుర్తుపట్టే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లు. రెండు సెన్సర్ల కంటే ఆ ఒక్క మాడ్యూలే కాస్త ఖరీదు. హైదరాబాద్ పిల్లలకు కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. కాబట్టి డబ్బు చూసి తేల్చుకునే విషయం కాదిది.

నేను చూసేది ఒక్కటే: బ్యాచ్‌లో నలుగురుంటే నలుగురి చేతికీ పని ఉంటుందా?

బ్లూటూత్ కారు ఛాసిస్ బిగించడం ఒక సాయంత్రం పని. కోడ్ నెట్‌లో దొరుకుతుంది, యాప్ ప్లే స్టోర్‌లో రెడీగా ఉంటుంది. ల్యాప్‌టాప్ ఎవరిదైతే ప్రాజెక్టు వాళ్లది, మిగతా ముగ్గురూ రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ చేయించుకొస్తారు. ఇబ్బందులు దీనికీ ఉన్నాయి. హెచ్‌సీ-05 పాత తరహా బ్లూటూత్, ఐఫోన్‌తో పనిచేయదు. దాన్ని 0, 1 పిన్నులకు తగిలించి ఉంచితే కోడ్ అప్‌లోడ్ కాదు, వైర్లు పీకి మళ్లీ పెట్టాలి. మాడ్యూల్‌లో డేటా అందుకునే ఆర్ఎక్స్ పిన్ 3.3 వోల్టులది, ఊనో పంపేది 5 వోల్టులు కాబట్టి మధ్యలో రెండు రెసిస్టర్లు వేసి వోల్టేజీ తగ్గించాలి. ఇవి ఒకసారి తెలిస్తే చాలు, ఆపైన కష్టపడాల్సింది లేదు.

ఫాలోవర్‌లో అలా కుదరదు. ఒకరు తెల్ల చార్టులు అతికించి, నల్ల ఇన్సులేషన్ టేపుతో ట్రాక్ వేయాలి. మలుపు ఎంత వంపు ఉండొచ్చో అక్కడే తేలుతుంది. ఇంకొకరు సెన్సర్లు పట్టుకుని తెలుపు మీద, నలుపు మీద ఏ రీడింగ్ వస్తోందో కంప్యూటర్‌లో బోర్డు పంపే అంకెలు చూపే సీరియల్ మానిటర్‌లో చూసి రాసుకోవాలి. దీనికి మోటార్లు ఇంకా రాకపోయినా ఫరవాలేదు. మోటార్లూ పవరూ చూసేవాళ్లు కోడ్ లేకుండానే, బ్యాటరీ నేరుగా తగిలించి పరీక్షించొచ్చు. కోడ్ రాసేవాళ్లు మోటార్ల బదులు రెండు ఎల్ఈడీలు పెట్టి, సెన్సర్‌ను టేపు మీద చేత్తో జరుపుతూ లాజిక్ సరిచూసుకోవచ్చు. ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో కూడా ఇట్టే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఒకే షాపులో, ఒకే రోజు కొన్నా రెండు బీవో మోటార్లు సరిగ్గా ఒకే స్పీడులో తిరగవు. కారు ముందుకు పొమ్మంటే పక్కకు లాగుతుంది, మీ బొటనవేలు సరిదిద్దుతుంది, లోపం బయటపడదు. ఫాలోవర్‌లో ఆ వేలు చేసే పని సెన్సరూ కోడూ చేయాలి. రెండు సెన్సర్లతో తల ఊపుకుంటూ పోయేదానికి ఐదు సెన్సర్లు పెట్టి, లైన్ నుంచి ఎంత పక్కకు జరిగితే అంత మేరకు పీడబ్ల్యూఎం (మోటారు వేగం పెంచే, తగ్గించే సిగ్నల్) మార్చి చూడండి, నడకే మారిపోతుంది. పుస్తకంలోని క్లోజ్డ్ లూప్ కంట్రోల్ అంటే ఇదే. వైవాలో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఏం అడిగినా నలుగురిలో ఒక్కరైనా నోరు విప్పుతారు.

అయితే ఫాలోవర్‌కు వెలుతురు గండం ఉంది. ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్ కింద బుద్ధిగా నడిచింది, సెమినార్ హాల్ కిటికీ పక్కన ఎండ పడగానే దారి తప్పుతుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది మరి. సెన్సర్లను నేలకు సెంటీమీటరు లోపు ఎత్తులో బిగించి, చుట్టూ నల్ల చార్టుతో గొడుగులా కట్టండి. డెమో రోజు ముందుగా వెళ్లి, ట్రాక్ పరిచే చోటే సెన్సర్ మీది చిన్న స్క్రూ తిప్పి సెట్ చేసుకోండి. కారుకు ఈ టెన్షన్ లేదు. చేతిలో వారం కూడా లేకపోయినా, స్టాల్‌లో స్కూలు పిల్లలు ఆడుకోవడానికైనా కారే చేయండి, తప్పేం లేదు.

చెయ్యి దగ్గరకొస్తే మూత తెరుచుకునే స్మార్ట్ డస్ట్‌బిన్ అంటారా, మూత ఎత్తే సర్వో మోటారు ఒకటి, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి, ఇద్దరికి సరిపోయే పని. గ్రాస్ కట్టర్ మాత్రం వద్దు, తిరిగే బ్లేడుతో ఫస్టియర్ ల్యాబ్‌లో నాకు నిద్ర పట్టదు.

ఏది చేసినా చిన్న పెట్టెలా ఉండే 9 వోల్టుల బ్యాటరీ మోటార్లకు వాడకండి. మోటార్లు లాగే కరెంటు అది ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోయి బోర్డు మాటిమాటికీ రీసెట్ అవుతుంది. 18650 సెల్స్ (రీఛార్జ్ చేసుకునే లిథియం సెల్స్) రెండు సిరీస్‌లో పెడితే 7.4 వోల్టులు. ఎల్298ఎన్ దాదాపు రెండు వోల్టులు మింగేసినా, మిగిలింది 3 నుంచి 6 వోల్టుల బీవో మోటారుకు సరిగ్గా సరిపోతుంది. బోర్డు గ్రౌండూ డ్రైవర్ గ్రౌండూ కలపడం మరవకండి. మోటారు ఒకటి ఎక్స్‌ట్రా కొని ఉంచండి, వైరు సోల్డర్ చేసే రాగి రేకు రెండుసార్లు వంచితే ఊడి చేతికొస్తుంది. సోల్డర్ చేయగానే దాని మీద ఒక చుక్క గ్లూ గన్ వేస్తే ఆ బెంగ ఉండదు.