చిన్న కారుకు పై వేరియంటా, బయటి బిగింపులా: ఏది మేలు?

చిన్న కారు కొన్నవారిని ఏడాది తిరిగాక "ఇందులో ఇంకేం ఉంటే బాగుండేది?" అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వెనక అద్దానికి వైపర్, వెనక సీటుకు ఏసీ గాలి, డ్రైవరు సీటు ఎత్తు మార్చుకునే వీలు, ఎడమ పాదం ఆన్చుకోవడానికి చోటు, రాత్రిపూట దారి స్పష్టంగా కనబడేంత వెలుతురు, రివర్స్ కెమెరా, కాస్త పెద్ద స్క్రీన్. వీటిలో చాలావరకు అదే మోడల్ పై వేరియంట్లో, అంటే ఎక్కువ వసతులతో ఎక్కువ ధరకు వచ్చే రకంలో, ఉన్నవే, కొనేటప్పుడు లక్షో లక్షన్నరో తేడా చూసి వదులుకున్నవే. ఆ సమయంలో షోరూమ్‌లో గానీ ఇంట్లో గానీ ఎవరో ఒకరు తప్పక అనే మాట ఉంటుంది: "కింది వేరియంట్ తీసుకుని మిగతావి బయట కార్ డెకార్స్‌లో వేయించుకుంటే సగం ఖర్చుతో పోతుంది కదా." ఆ సలహా కొన్ని వసతుల విషయంలో నూటికి నూరుపాళ్లు సరైనది, మరికొన్నిటి విషయంలో పూర్తిగా తప్పు. కాబట్టి రెండు దారులనూ మొత్తంగా పోల్చడం కంటే ఏ వసతికి ఏ దారి తగినదో చూడటమే ఉపయోగం.

ముందుగా డబ్బు లెక్క. రెండు వేరియంట్ల మధ్య ఎక్స్‌షోరూమ్ (రిజిస్ట్రేషను, బీమా కలపని) ధర తేడా లక్ష రూపాయలు అనుకుందాం. తెలంగాణలో ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు ధర ఉన్న కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం కనుక ఆ లక్ష మీద మరో 14,000 పడుతుంది. కారు విలువ పెరిగితే బీమా ప్రీమియం కూడా ఆ మేరకు కొంత పెరుగుతుంది. ఈ అదనపు మొత్తాన్ని కూడా 9 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పులో కలిపితే, లక్ష అనుకున్న తేడా వాయిదాలు ముగిసేసరికి లక్షా నలభై వేలు దాటుతుంది. బయట వేయించుకునే సామానుకు లైఫ్ ట్యాక్స్ లేదు, వాయిదాలూ లేవు, అవసరమైనప్పుడు ఒక్కొక్కటిగా వేయించుకోవచ్చు. కాగితం మీద చూస్తే బయటి బిగింపుదే పైచేయి. అయితే ఆ కాగితం మీద రాయని ఖర్చులు రెండున్నాయి. బయట వేయించిన స్క్రీన్ వంటి వాటి గురించి పాలసీలో ముందుగా చెప్పి అదనపు ప్రీమియం కట్టకపోతే, ప్రమాదంలో అవి పాడైనా దొంగతనం జరిగినా బీమా కంపెనీ వాటికి పైసా ఇవ్వదు. అలాగే కారు అమ్మే రోజున కొనేవారు అడిగేది వేరియంట్ పేరే తప్ప మీరు డెకార్స్‌లో పెట్టిన ఖర్చు కాదు.

ఈ లెక్కలో ఈమధ్య ఒక మార్పు వచ్చింది. పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ 1200 సీసీ మించని పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. తగ్గింపు పూర్తిగా కొనేవారికి చేరితే ఆరు లక్షల కారు మీద యాభై వేల పైచిలుకు మిగులుతుంది. ఆ మిగులును చాలామంది సీట్ కవర్లకు, అల్లాయ్ వీల్స్‌కు ఖర్చు చేస్తున్నారు. నన్నడిగితే దానికి మరికొంత కలిపి ఒక మెట్టు పై వేరియంట్‌కు వెళ్లడం మేలు, అయితే ఆ మెట్టులో ఏముందో చూసుకున్న తర్వాతే.

బయట నిశ్చింతగా వేయించుకోదగినవి ఉన్నాయి. స్క్రీన్, స్పీకర్లు, రివర్స్ కెమెరా, మొబైల్ ఛార్జర్, డిక్కీ మ్యాట్ వంటివాటి కోసం పై వేరియంట్ కొనవలసిన అవసరం నాకు కనబడదు. రివర్స్ పార్కింగ్ సెన్సర్లు 2019 జులై నుంచి కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి కనుక కెమెరా లేని బేస్ మోడల్‌లోనూ వెనక ఏదైనా అడ్డం ఉంటే బీప్ శబ్దం వినిపిస్తుంది. కెమెరా పెట్టించుకుంటే మంచిదే, అది బయటిదైనా పని చక్కగానే చేస్తుంది. ఇక్కడ తేడా వస్తువులో కాదు, బిగించే చేతిలో ఉంది. మంచి పనివాడు ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) తెచ్చి, కంపెనీ ఇచ్చిన సాకెట్లో గుచ్చి, కారు వైరు ఒక్కటీ కోయకుండా పని ముగిస్తాడు. తొందరపడేవాడు డ్యాష్‌బోర్డు వెనక నుంచి వచ్చే వైరు మీది ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో గీరి, లోపలి రాగి పోగులకు కొత్త వైరును మెలిపెట్టి, నల్ల టేపు రెండు చుట్లు చుట్టి వదిలేస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి ఆ టేపు జిగురు కరిగి టేపు జారుతుంది, గతుకుల్లో వైరు అటూ ఇటూ కదిలి పక్కనున్న లోహానికి తగులుతుంది. అదృష్టం ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే పొగ వస్తుంది. అలా కోసిన వైరింగ్‌లో తర్వాత ఏ లోపం వచ్చినా కంపెనీ వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ వారు చెప్పడంలో తప్పు పట్టడానికేమీ లేదు. విజయవాడ ఆటోనగర్లో గానీ హైదరాబాద్‌లో గానీ ఈ పని చేయించేటప్పుడు ధర కంటే ముందు అడగవలసింది "కప్లర్ మీద వేస్తారా, వైరు కట్ చేస్తారా?" అన్న ప్రశ్న.

బయట ఎంత ఖర్చు పెట్టినా సరిగా రానివి మరో వైపు ఉన్నాయి. వీటిలో చాలామంది తేలికగా తీసుకునేది వెనక వైపర్. డిక్కీ వెనక్కి పొడుచుకు వచ్చే సెడాన్‌కు లేని ఈ అవసరం, అలా లేని చిన్న కారుకు, అంటే హ్యాచ్‌బ్యాక్‌కు, ఎందుకంటే, నిలువునా కోసినట్టుండే వెనక భాగం వెంబడి గాలి సుడి తిరుగుతుంది, చక్రాలు లేపిన నీటి తుంపరా బురదా ఆ సుడిలో చిక్కి నేరుగా వెనక అద్దానికి అంటుకుంటాయి. వానలో హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద లారీల నడుమ కాసేపు నడిపితే చాలు, లోపలి అద్దంలో వెనక వచ్చే వాహనం ఆకారం పోయి వెలుగు మరకలు మాత్రమే మిగులుతాయి. లోపల నలుగురు కూర్చుంటే ఊపిరి తేమకు అదే అద్దం లోపలివైపు మసకబారుతుంది, దానికి డీఫాగర్, అంటే అద్దాన్ని వేడిచేసి మసక పోగొట్టే సన్నని గీతలు, కావాలి. ఈ రెండూ తర్వాత పెట్టించాలంటే గీతలున్న కొత్త అద్దం, మోటారు, దాన్ని పట్టి ఉంచే అమరిక, బానెట్ నుంచి డిక్కీ దాకా నీటి గొట్టం, డిక్కీ తలుపులోంచి వైరింగ్ కావాలి. అలా చేయించుకునేవారు లేకపోలేదు గానీ, ఆ ఖర్చూ శ్రమా చూస్తే వేరియంట్ తేడా చవకగా కనిపిస్తుంది. మధ్య వేరియంట్లో ఈ రెండూ ఉండి, పై వేరియంట్లో అల్లాయ్‌లు, పెద్ద స్క్రీన్ మాత్రమే అదనంగా ఉంటే మధ్య దానితో ఆగిపోవడమే తెలివైన పని.

డ్రైవరు సీటు ఎత్తు, స్టీరింగ్ టిల్ట్ (స్టీరింగ్‌ను పైకీ కిందికీ వంచుకునే వీలు) కూడా ఈ కోవలోనివే. పొట్టివారు సీటు మీద దిండు వేసుకుని నడపడం మనం చూస్తూనే ఉంటాం. దిండు జారుతుంది, సీటు బెల్టు నడుము ఎముక మీద ఉండవలసింది పొట్ట మీదికి వస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే కారు నడిపే ఇంట్లో ఈ సర్దుబాటు లేని వేరియంట్ కొనడం ఏమాత్రం పొదుపు కాదు. ఎడమ పాదానికి చోటు మాత్రం ఏ వేరియంట్ కొన్నా దొరకకపోవచ్చు, ఎందుకంటే చాలా చిన్న కార్లలో క్లచ్ పెడల్ పక్కన అంత వెడల్పే ఉండదు. బయట అమ్మే పాదపీఠాన్ని ఇరికిస్తే అది క్లచ్‌కు అడ్డం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి దాని మీద ఆశ వదులుకోవడమే మంచిది.

ఎయిర్‌బ్యాగుల విషయం వేరియంట్ స్థాయి దాటి మోడల్ ఎంపిక దాకా వెళ్లింది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, ముందు సీటులో పక్కన కూర్చునేవారిది 2021 చివరికల్లా తప్పనిసరి అయ్యాయి. ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేయాలని 2022లో ముసాయిదా తెచ్చిన కేంద్రం, గడువును ఒకసారి 2023 అక్టోబరుకు జరిపి, ఆ తర్వాత ఆ ఆలోచననే విరమించుకుంది. అయినా తయారీదారులు తామే ముందుకు వచ్చారు. హ్యుందాయ్ 2023లో తన కార్లన్నిటికీ, మారుతి 2024లో కొత్త స్విఫ్ట్‌కూ 2025లో ఆల్టో కె10కూ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చాయి. అందువల్ల మీరు చూస్తున్న మోడల్‌లో ఇవి పై వేరియంట్‌కే పరిమితమై ఉంటే, పై వేరియంట్‌కు డబ్బు పోగు చేయడం కంటే వాటిని కింది నుంచే ఇచ్చే మరో మోడల్ వైపు చూడటం మేలు. మలుపులో కారు పట్టు తప్పినప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సరిచేసే ఈఎస్‌సీ, పిల్లల సీటును కారు చట్రానికే బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు కూడా ఇదే వర్గం, ఏ డెకార్స్ వారూ వీటిని అమ్మరు.

ఆరు ఎయిర్‌బ్యాగులున్న కారుకు బయటి సీట్ కవర్లు వేయించేవారు ఒక సంగతి గమనించాలి. పక్క ఎయిర్‌బ్యాగులు ముందు సీట్ల వీపు అంచులో, తలుపు వైపు ఉంటాయి, సీటు కుట్టు అక్కడ తెరుచుకుని అవి బయటికి రావాలి. మందపాటి రెక్సిన్ కవరును ఆ అంచు మీదుగా లాగి గట్టిగా కుట్టేస్తే డబ్బు పోసి కొన్న రక్షణకు మనమే తాళం వేసినట్టవుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైపు తెరిచి ఉంచిన కవర్లు దొరుకుతాయి, అవే అడగాలి. ఇక ముందు బంపరుకు ఇనుప గార్డు బిగించడాన్ని కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది, అది ఢీకొన్న దెబ్బ తీరునే మార్చేసి ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనిని తారుమారు చేయవచ్చు.

రెండు దారులకూ మధ్యన ఉండే వసతులలో వెలుతురు ఒకటి. చాలా చిన్న కార్లలో 60/55 వాట్ల హాలోజన్ బల్బు ఉంటుంది. దాన్ని తీసి వంద వాట్లది పెట్టిస్తే హోల్డరూ వైరూ వేడెక్కుతాయి, నిబంధనలకూ విరుద్ధం. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారి కాంతి చెదిరిపోతుంది, మన కళ్లకు తెల్లగా అనిపించినా ఎదుటివాడి కళ్లలో పడేదే ఎక్కువ. ఊళ్లోనే తిరిగేవారు బల్బుల ఎత్తు సరిచేయించుకుని, పసుపెక్కిన లైటు పైతొడుగు పాలిష్ చేయించుకుంటే సరిపోతుంది. తరచూ రాత్రిపూట ఊళ్లకు వెళ్లేవారికి మాత్రం పై వేరియంట్లోని ప్రొజెక్టర్ ల్యాంపులు (కటకంతో వెలుగును దారి మీదికే మళ్లించేవి) పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి.

వెనక సీటుకు చల్లదనం మరొకటి. చిన్న కార్లలో వెనక ఏసీ వెంట్ అంటే విడిగా యంత్రమేమీ ఉండదు, ముందరి చల్లగాలినే మధ్య కన్సోల్ కింద గొట్టం ద్వారా వెనక్కి తెస్తారు. హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్‌లో అది ఉంది, 2024 స్విఫ్ట్‌లోనూ వచ్చింది, ఎత్తుగా ఉండే వ్యాగన్‌ఆర్‌లో లేదు. బయట దాన్ని పెట్టించడం కుదరదు, సీటు వెనక తగిలించే చిన్న ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది. వేడిని తగ్గించే ఫిల్మ్ వేయిద్దామంటే, 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు ఫిల్మ్ అతికించడాన్ని నిషేధించింది. 2021 నుంచి అమల్లో ఉన్న సవరించిన నిబంధన ప్రకారం ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు వచ్చేలా ఉంటే ఫిల్మ్ తప్పు కాదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. తీర్పు అలా ఉన్నా రోడ్డు మీద ఆపిన పోలీసుతో వాదించే ఓపిక అందరికీ ఉండదు. పెద్దవాళ్లు వెనక కూర్చుని రోహిణి కార్తెలో ప్రయాణించే ఇంటికి వెంట్ ఉన్న మోడలే మేలు. రెంటచింతల ఎండలను ఎరిగినవాళ్లం సన్‌రూఫ్ కోసం ఎందుకు ఆరాటపడతామో నాకు ఇప్పటికీ బోధపడదు.

సీఎన్‌జీ కావాలనుకునేవారికి బయటి కిట్ చవకే. కానీ దాన్ని ఆర్సీలోనూ పాలసీలోనూ ఎక్కించాలి, సిలిండరు అరవై లీటర్లదైతే డిక్కీ మొత్తం దానికే పోతుంది. టాటా 2023లో టియాగోకు ముప్పై లీటర్ల సిలిండర్లు రెండింటిని డిక్కీ అడుగున అమర్చి పైన సామాను పెట్టుకునే చోటు మిగిల్చింది, మరుసటి ఏడాది హ్యుందాయ్ నియోస్‌కూ జంట సిలిండర్లు ఇచ్చింది. ఇక్కడ కంపెనీ బిగింపుకు పోటీయే లేదు. మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష మాత్రం రెండింటికీ తప్పదు.

ఇదే డబ్బుకు చిన్న కారు టాప్ ఎండా, పెద్ద కారు బేస్ మోడలా అన్న చిక్కు కూడా తరచూ వస్తుంది. ఆల్టో కె10 చక్రాల నడుమ దూరం 2,380 మిల్లీమీటర్లు, డిక్కీ 214 లీటర్లు. స్విఫ్ట్‌వి 2,450 మిల్లీమీటర్లు, 265 లీటర్లు. నలుగురు పెద్దవాళ్లు వారం వారం ప్రయాణించే ఇంటికి ఆ మోకాళ్ల చోటు ఏ స్క్రీనూ ఇవ్వలేదు కనుక పెద్ద కారే సరి, ఊళ్లో ఒకరిద్దరు తిరగడానికైతే చిన్న కారు పై వేరియంటే హాయి. దేన్ని ఎంచుకున్నా ఒక జాగ్రత్త అవసరం. షోరూమ్ వారు టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చేది తరచూ టాప్ వేరియంట్ అయి ఉంటుంది. బుకింగ్ డబ్బు కట్టకముందే మీరు కొనబోయే వేరియంట్‌ను స్టాక్‌యార్డులోనైనా సరే చూపించమని అడిగి, వెనక సీట్లో కూర్చుని, వెనక అద్దానికి వైపర్ ఉందో లేదో కళ్లారా చూసుకోవాలి.