సాలార్‌జంగ్, బెంగళూరు, ఢిల్లీ: బొమ్మలు చూడటానికి పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఏది మేలు?

నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దేశంలో మూడు చోట్ల ఉంది: ఢిల్లీ, ముంబై, బెంగళూరు. హైదరాబాద్‌లో లేదు. అందుకే "మా అమ్మాయికి బొమ్మలు వేయడమంటే పిచ్చి, అసలైన పెయింటింగులు ఎక్కడ చూపించాలి?" అని మన దగ్గర ఎవరడిగినా వినిపించే పేరు సాలార్‌జంగ్ ఒక్కటే. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లు అటూఇటూ. పొద్దున బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. ఎం.జి.బి.ఎస్.లో దిగితే మ్యూజియం నడిచి వెళ్లే దూరమే. ఖర్చు చూసినా, అలసట చూసినా దీనికి పోటీ లేదు.

ముంబైని ఈ లెక్కలోకి తీసుకోలేదు. పాలమూరులో బొంబాయి బస్సెక్కినవాళ్లకు గ్యాలరీలు చూసే తీరిక ఎన్నడు దొరికింది గనక.

సాలార్‌జంగ్‌లో ఉన్నది ప్రధానంగా ఒక మనిషి సేకరణ. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) జీవితమంతా కొన్నవి, ఆయన పెద్దలు కొన్నవి కలిపి 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలో జనానికి తెరిచారు. ఆరంభించింది నెహ్రూ. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. 'వెయిల్డ్ రెబెక్కా' చూడనివాళ్లు తప్పక చూడాలి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముఖం మీద పలచని మేలిముసుగు ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అదంతా రాయే. ఇలాంటివి ఎప్పుడు పోయినా అక్కడే ఉంటాయి. రెబెక్కా కోసం పోతే రెబెక్కా కనబడుతుంది, గంట కొట్టే గడియారం కోసం పోతే గంట కొడుతుంది. ఈ భరోసా చిన్నదేం కాదు, కింద చెప్పబోయే రెండు చోట్లా అది ఇంతగా దొరకదు.

అయితే కత్తులు, దంతపు కుర్చీలు, జేడ్ రాతి గిన్నెలు, పింగాణీ సామాను, తివాచీలు అన్నీ దాటుకుంటూ పెయింటింగుల గదులకు చేరేసరికి పిల్లల కాళ్లు పీకుతుంటాయి. అందుకని గేటు దగ్గరే దారి కనుక్కుని ముందు భారతీయ చిత్రాల గదులకే పొండి. రవివర్మ అక్కడున్నాడు. ఆయన నూనె రంగుల పని దగ్గరగా చూడటమే మీ కోరికైతే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఢిల్లీకి పోవలసింది మరొకరి కోసం. అమృతా షేర్‌గిల్ 1930ల్లో తన బొమ్మలు పట్టుకుని దేశం తిరిగింది. హైదరాబాద్‌కూ వచ్చింది. నవాబ్ సాలార్‌జంగ్ ఆ బొమ్మలు చూసి తిప్పి పంపేశారు. మైసూరు మహారాజు ఆమెను కాదని రవివర్మ బొమ్మల వైపు మొగ్గారు. 28 ఏళ్లకే, 1941లో లాహోర్‌లో ఆమె చనిపోయింది. తర్వాత ఆమె భర్త దగ్గర, తండ్రి దగ్గర ఉన్న బొమ్మలు ప్రభుత్వానికి చేరి ఢిల్లీ గ్యాలరీకి పునాది అయ్యాయి. 1976లో ఆమె చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించారు. మన నవాబు వద్దన్న బొమ్మల కోసం ఇప్పుడు మనం రైలెక్కాలి! డబ్బున్న ఒక్క మనిషి అభిరుచికి, ఒక దేశం తన చిత్రకారులను పోగు చేసుకోవడానికి మధ్య ఉన్న తేడా నాకు ఇక్కడే బాగా తెలుస్తుంది.

ఢిల్లీ గ్యాలరీ ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో ఉంది. జైపూర్ రాజు కోసం 1936లో కట్టిన భవనం, పైనుంచి చూస్తే సీతాకోకచిలుక ఆకారం. 1954 మార్చిలో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. 2009లో కొత్త భవనం కలిసింది. షేర్‌గిల్ 'ముగ్గురు అమ్మాయిలు' (1935) ఈ గ్యాలరీదే. ఫోన్‌లో చూసినప్పుడు ఆ ముగ్గురి మౌనం తెలుస్తుంది గానీ, ఎరుపు, ఆకుపచ్చ బట్టల మీద రంగు ఎంత మందంగా ఉందో, కుంచె ఎటు లాగిందో తెలియదు. నందలాల్ బోస్, జామినీ రాయ్, రవీంద్రనాథ్ టాగోర్ బొమ్మలు కూడా ఈ సేకరణలో ఉన్నాయి.

ఒక చిక్కుంది. గ్యాలరీ సొంత సేకరణలో 17 వేలకు పైగా కళాఖండాలుంటే, గోడల మీద ఒకేసారి కనబడేది అందులో కొంచెమే. నీటిరంగులు, కాగితం మీద వేసిన బొమ్మలు వెలుగుకు వెలిసిపోతాయి కాబట్టి వాటిని కొన్నాళ్లు చూపించి మళ్లీ చీకట్లో భద్రపరుస్తారు. కొన్ని వేరే ప్రదర్శనలకు పోతుంటాయి. ఒకే ఒక్క బొమ్మ మీద ఆశ పెట్టుకుని అంత దూరం పోతే టెన్షనే. ఇప్పుడు ఏవి వేలాడదీశారో ముందే కనుక్కోవాలి.

బెంగళూరులో ఈ అదృష్టం పాలు ఇంకా ఎక్కువ. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్ అనే పాత బంగళాలో 2009లో తెరిచారు. చెట్ల నీడ, నెమ్మది, తక్కువ రద్దీ. కూర్చుని స్కెచ్ వేసుకునే పిల్లలకు నేను చూసినవాటిలో ఇదే హాయి. కానీ ఇది శాఖే. మంచి ప్రదర్శన నడుస్తుంటే రోజంతా చాలదు, లేకపోతే గంటన్నరలో బయటికొస్తారు.

కాబట్టి నా మాట ఇది. పిల్ల నిజంగా బొమ్మలే లోకంగా బతుకుతుంటే అప్పు చేయకుండా వీలైనప్పుడు ఢిల్లీ చూపించండి, మిగతా రెండూ దానికి బదులు కావు. ఇంటిల్లిపాదీ బయలుదేరితే సాలార్‌జంగ్, అందులో నానమ్మకూ ఏదో ఒకటి నచ్చుతుంది. బెంగళూరు కోసం నల్లగొండ నుంచి ప్రత్యేకంగా పోవడం దండగ. పాలమూరు సంగతి వేరు. కాచిగూడ నుంచి బెంగళూరు పోయే రైళ్లు మహబూబ్‌నగర్‌లో ఆగుతాయి, కొడుకో కూతురో అక్కడ ఉద్యోగం చేస్తున్న ఇళ్లు బోలెడు. వాళ్లను చూడటానికి పోయినప్పుడు ఒక పూట గ్యాలరీకి ఇవ్వండి. కారులో పోయేవాళ్లయితే దారిలో అలంపూర్ దగ్గర జాతీయ రహదారి దిగి బాదామి చాళుక్యుల గుళ్లు, పక్కనున్న మ్యూజియం శిల్పాలు కూడా చూడొచ్చు.

సెలవు రోజులు చూసుకుని టికెట్ తీయండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, ఢిల్లీ, బెంగళూరు గ్యాలరీలకు సోమవారం. వారాంతంలో ఢిల్లీ పోయేవాళ్లు ఆదివారం ఆగ్రా పెట్టుకుని గ్యాలరీని సోమవారానికి వదిలేస్తుంటారు. దాన్ని తిరగేసి ఆదివారం గ్యాలరీ, సోమవారం ఆగ్రా పెట్టుకోండి. తాజ్‌మహల్‌కు సెలవు శుక్రవారమే.