కాంట్రాక్టరు తోట తీసేశాక: మిద్దె మీద గ్రో బ్యాగులు, మూడేళ్ల వాడకం

హైదరాబాద్‌లో ఒక ఇంటి డాబా మీద మూడేళ్లుగా వాడుతున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, డ్రిప్, షేడ్ నెట్‌ల సమీక్ష ఇది. అంతకు ముందు ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరు వేసిచ్చిన మడుల తోట అప్పగించిన రోజు కళకళలాడింది, ఒక్క వేసవికే పోయింది. లోపం మొక్కల్లో లేదు. కింద పోసిన మట్టిలో ఉంది, దాని బరువులో ఉంది.

బరువు సంగతి ముందు. మనుషులు తిరిగే డాబాకు ఐఎస్ 875 (భవనాలు మోయాల్సిన బరువులకు భారత ప్రమాణం) లెక్క చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. ఇటుకలు పేర్చి అడుగు లోతున ఎర్రమట్టి నింపితే, వానకు తడిశాక అదే చదరపు మీటరు మీద 500 కిలోలు దాటుతుంది. పైగా మడి కింద నీరు నిలిచి వాటర్‌ప్రూఫింగ్ పాడవుతుంది. ఈ లెక్క అడిగితే తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లకు పని ఇవ్వకపోవడమే మేలు. 15×15 అంగుళాల బ్యాగును పైన రెండంగుళాలు వదిలి నింపితే 37 లీటర్లు పడుతుంది; తేలిక మిశ్రమమైతే తడిసినా దాదాపు 35 కిలోలు. చదరపు మీటరుకు మూడు చాలు. అవి కూడా గోడల వెంట, బీముల మీద, ఇనుప స్టాండ్లపై పెట్టాలి. కింద చీపురు ఆడేంత ఖాళీ ఉంటే లీకు ఎక్కడుందో కనబడుతుంది.

బ్యాగుల్లో 240 జీఎస్ఎమ్‌కు (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తక్కువవి కొనొద్దు. ఎండ సూటిగా తగిలే పడమటి వైపు ముందు తెల్లబారుతుంది. గోటితో గీకితే పొడి రాలుతుంటే ఇక దాన్ని కదపకూడదు. పలచటివి రెండో వేసవికే ఆ స్థితికొచ్చాయి, మందపువి ఇంకా నిలిచే ఉన్నాయి. పిడులు మాత్రం అన్నిట్లోనూ నాసిరకమే. తడి బ్యాగును పిడి పట్టి లాగితే కుట్టు ఊడుతుంది, అడుగున చేయి వేసి ఎత్తాల్సిందే. 12×12 సైజు ఆకుకూరలకు, మిరపకు సరే. టమాటా, వంగ 15కు తగ్గితే ఏప్రిల్‌లో మధ్యాహ్నానికే వాడిపోతాయి. బీర, సొర, కాకరకు 18×18 ఉండాలి.

డబ్బు పెట్టాల్సింది మిశ్రమం మీదే. కాంట్రాక్టర్లు తరచూ చేసేది ఇదే: అడుగంతా ఎర్రమట్టి, పైన అంగుళం వర్మీకంపోస్టు. ఆ మట్టి ఎండి బిగుసుకుంటుంది, అంచున సందు ఏర్పడి పోసిన నీరంతా పక్క నుంచి జారిపోతుంది, వేరు ఎండుతూనే ఉంటుంది. మా దగ్గర నిలిచిన పాళ్లు: ఎర్రమట్టి మూడు, నానబెట్టి కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మూడు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు, వరి పొట్టు ఒకటి, బ్యాగుకు 100 గ్రాముల వేపపిండి. కోకోపీట్‌ను కడగకపోతే అందులోని ఉప్పుకు మొలకల ఆకు అంచులు మాడతాయి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు చచ్చిపోతాయి. ఏడాదికి మిశ్రమం రెండు మూడు అంగుళాలు కుంగుతుంది. కుళ్లే పదార్థం కుళ్లిపోవడమే కారణం, కంపోస్టుతో నింపుకుంటే సరి.

నర్సరీ మొక్క వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటే నీళ్లలో నానబెట్టి సగమైనా వదిలించి నాటాలి. లేకపోతే చుట్టూ తడి ఉన్నా ముద్ద లోపల పొడిగానే ఉంటుంది.

డ్రిప్‌కు సగం మార్కులే. ఓవర్‌హెడ్ ట్యాంకు డాబా కంటే రెండు మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి 0.2 బార్ మాత్రమే. ప్రెషర్ కాంపెన్సేటింగ్ (ఒత్తిడి మారినా ఒకే ధారగా నీరిచ్చే) డ్రిప్పర్లకు అది చాలదు, చివరి బ్యాగులకు చుక్క రాదు. తిప్పి సరిచేసుకునే మామూలు డ్రిప్పర్లు తీసుకుని, ఒక్కో బ్యాగు డ్రిప్పర్ కింద మగ్గు పెట్టి కొలిచి సరిచేయాలి. మే నెలలో 15 అంగుళాల బ్యాగుకు రోజుకు రెండున్నర లీటర్లు, పొద్దున సగం, సాయంత్రం సగం. బోరు నీటి సున్నానికి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. 120 మెష్ ఫిల్టర్ పెట్టినా ఇది తప్పదు, ఎందుకంటే కరిగిన సున్నాన్ని ఏ జల్లెడా ఆపదు. విడదీసి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. మందు కొట్టి లాభం లేదు.

50 శాతం షేడ్ నెట్ మార్చి నుంచి తొలకరి దాకా ఆకుకూరలకు ప్రాణం. వానలు పడ్డాక కూడా తీయకపోతే మొక్కలు సన్నగా సాగి పూత తగ్గుతుంది. పగలు 35 డిగ్రీలు దాటాక టమాటా పూత రాలుతుంటే ఎరువు పెంచొద్దు, చల్లబడేదాకా ఆగాలి.

పురుగుల్లో పిండినల్లే మొండిది. చీమలు దాన్ని కాపాడుతూ మొక్క నుంచి మొక్కకు చేరుస్తాయి కాబట్టి స్టాండు కాళ్లకు గ్రీజు పూయడం సగం వైద్యం. మిగతా సగం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు, ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా. బెండలో పల్లాకు తెగులు (ఆకు ఈనెలు పసుపుబారే వైరస్) కనబడితే మాత్రం చికిత్స లేదు. ఆ మొక్క పీకేసి, తెగులును మోసే తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టాలి.

పంట అయిపోయిన బ్యాగులో వంగ తర్వాత టమాటా, టమాటా తర్వాత మిరప వద్దు, మూడూ ఒకే కుటుంబం. అలసంద గానీ గోంగూర గానీ వేయండి. మే ఎండలో మిశ్రమాన్ని తడిపి, పారదర్శక పాలిథిన్ షీటు కప్పి, అంచులు బిగించి నాలుగు వారాలు వదిలేస్తే వేళ్లను పట్టే నులిపురుగులు చాలావరకు పోతాయి. తర్వాత కంపోస్టు కలిపి అదే బ్యాగులో మళ్లీ నింపొచ్చు.