చెన్నైలో మా చెల్లి పెళ్లికి వాయించిన సన్నాయి మేళం

చెన్నైలో తెలుగు పెళ్లికి మేళం వెతుక్కునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. వడపళనిలో మండపం, మైలాపూరు నుంచి మేళం. నాదస్వరాలు రెండు, డోలు, తాళం వేసే కుర్రాడు. రాత్రి ఎదురుకోలు నుంచి పొద్దున అప్పగింతల దాకా 24,000కి మాట్లాడుకున్నాం, రానుపోను ఖర్చులతో సహా.

పెద్ద విద్వాంసుడు తమిళాయన. సాయంత్రమే వచ్చి మా పురోహితుడి పక్కన కూర్చున్నారు. తమిళుల పెళ్లిలో ముహూర్తమంటే తాళి కట్టే వేళ, మనకేమో జీలకర్ర బెల్లం. గట్టిమేళం ఎక్కడ అందుకోవాలి, తలంబ్రాలకి ఎంతసేపు వాయించాలి, అన్నీ అడిగి తెలుసుకున్నారు. ముహూర్తం దగ్గర పడ్డాక ఆయన చూపు పురోహితుడి చేతి మీదే. చెయ్యి లేచిందో లేదో డోలు ఉరిమింది. ఆ క్షణాన తుమ్ము గానీ చెడ్డమాట గానీ వధూవరుల చెవిన పడకూడదనే కదా పెద్దలు గట్టిమేళం పెట్టింది! ఆ పూచీ వాయించేవాళ్లదే. అంతకుముందే మగపెళ్లివారి కుర్రాడొకడు సినిమా పాట కావాలన్నాడు. "భోజనాలప్పుడు వాయిస్తా తంబీ, ఇప్పుడు కాదు" అన్నారు. అన్నమాట ప్రకారం వాయించారు కూడా.

అప్పగింతలకి డోలు ఆపించేసి, తానొక్కరే మెత్తగా వాయించారు. మండపం దద్దరిల్లే వాద్యాన్ని అంత సన్నగా పలికించాలంటే ఊపిరి ఎంత చెప్పినట్టు వినాలో!

మాది ఒంగోలు అనగానే ఆయన సన్నాయి పక్కన పెట్టి దణ్ణం పెట్టారు. మా పక్కనున్న కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారిని తలుచుకుని. రంగనాథుడి సన్నిధిలో వాయించిన మహనీయుడాయన. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. మా విద్వాంసుడు చినమౌలానా గారి రికార్డింగులు వినిపిస్తూనే తాళం కుర్రాడికి పాఠం చెబుతారట. ఆ పిల్లాడు రాత్రంతా గురువు వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

లోపం ఒక్కటే. శ్రుతిపెట్టె స్పీకరు మరీ పెద్దగా పెట్టారు, ముందు వరసలో ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారు. చెప్పాక తగ్గించారు.

మేళం వాళ్లని ఆఖరి బంతికి తోసేసే అలవాటు చాలా పెళ్లిళ్లలో చూస్తున్నాను, అది అన్యాయం. ఊదే ముందు వాళ్లు కడుపు నిండా తినలేరు. ఆగిన వెంటనే వడ్డించండి, వాయించేటప్పుడు పక్కన మంచినీళ్లు ఉంచండి. తమిళుల తై నెలా మన మాఘమూ కలిసే రోజుల్లో అయితే వీళ్లు దొరకడం కష్టం, ముందే అడ్వాన్సు ఇచ్చేయండి.