బొగ్గు పొగను దాచాలంటే అడవి మేలా, రాయి మేలా?

కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలోకి ఎక్కించే పరిశోధనల మాటెత్తితే చాలు, ఒకటే ప్రశ్న వస్తోంది: "అంత డబ్బు పోసి గొట్టాలు దించే బదులు చెట్లు నాటితే పోలేదా?" న్యాయమైన ప్రశ్నే. చెట్టు చవక, నీడనిస్తుంది, ఊళ్లో నలుగురికి పని దొరుకుతుంది. పొగలోంచి ఆ వాయువును వేరు చేయాలంటే మాత్రం థర్మల్ ప్లాంటు తన కరెంటులో దాదాపు ఐదో వంతు దానికే వదులుకోవాలి.

ముందు భూమి లెక్క చూద్దాం. రామగుండం పాత ప్లాంటు 2,600 మెగావాట్లది. ముప్పాతిక సామర్థ్యంతో నడిచినా ఏడాదికి సుమారు కోటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏపుగా ఎదిగే తోట హెక్టారుకు ఏటా 10 టన్నులు పీలుస్తుందనుకున్నా 15 లక్షల హెక్టార్లు కావాలి. తెలంగాణ అడవంతా కలిపితే 21 లక్షల హెక్టార్లు. ఇది నా చేతి లెక్క, కాస్త అటూఇటూ కావచ్చు. అయినా ఒక్క ప్లాంటుకే ఇంత భూమి అంటే ఎవరి పొలం అడుగుతాం?

నా మటుకు తేల్చేది మాత్రం భూమి కాదు, కాలం. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైగా భూమిలో కదలకుండా ఉన్న కార్బన్. దాన్ని తవ్వి కాల్చి, బదులుగా ఒక టేకు తోటను చూపిస్తే ఆ తోట ఎన్నేళ్లు నిలబడాలి? చెట్టులో కార్బన్ ఎంతుందో లెక్కగట్టడానికి ఛాతీ ఎత్తున, నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, మానుకు టేపు చుడతారు. ఆ చుట్టుకొలతను బట్టి బరువు, ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బన్. ఈ ఏడు టేపు చూపిన అంకె వచ్చే ఏటికి ఉంటుందన్న పూచీ లేదు. ఎండలు ముదిరేసరికి తునికాకు కొత్త చిగుళ్ల కోసం, ఇప్పపువ్వు ఏరుకోవడానికి కింద ఆకులు తగలబెడతారు. అది చెయ్యి దాటితే లేత మొక్కలన్నీ మాడిపోతాయి. 2021లో అమెరికాలోని ఓరెగన్‌లో బూట్‌లెగ్ కార్చిచ్చు, అప్పటికే కార్బన్ క్రెడిట్లు (ఇన్ని టన్నులు దాచామని కంపెనీలకు అమ్మే పత్రాలు) అమ్మిన అడవిలోకే పాకింది.

ఇక రాయి. నార్వే 1996 నుంచి స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం దగ్గర సముద్రం అడుగున ఉన్న ఇసుకరాతిలోకి ఏటా పది లక్షల టన్నుల దాకా ఈ వాయువును పంపుతోంది. అక్కడ పైనున్న రాతి పొర మూతలా ఆపుతుంది. నన్ను ఒప్పించింది అది కాదు, ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్ ప్రాజెక్టు. 2012లో వాళ్లు వాయువును నీళ్లలో, సోడాలో కలిపినట్టు, కరిగించి బసాల్టులోకి, అంటే లావా చల్లారి గట్టిపడిన నల్లరాతిలోకి, దించారు. ఆ పుల్లటి నీరు రాతిలోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను కరిగిస్తుంది, అవి కార్బన్‌తో కలిసి గట్టిపడతాయి. రెండేళ్లలోపే 95 శాతం రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. బయటికి తీసిన ముక్కల్ని చూస్తే నల్లరాతి బెజ్జాల్లో తెల్లటి కాల్సైట్, అంటే సున్నపురాతిలో ఉండే ఖనిజమే, కనిపిస్తుంది. దానికి నిప్పంటుకోదు, గొడ్డలి తగలదు.

ఆ నల్లరాయి మనకూ ఉంది. దక్కన్ లావా వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ దాకా వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఈ రాతిని ఈ కోణంలో పరిశీలించారు కూడా. కాకపోతే అంచులకు వచ్చేసరికి పొర బాగా పలచన. పైగా కార్బ్‌ఫిక్స్ పద్ధతిలో టన్ను వాయువుకు పాతిక టన్నుల నీళ్లు కావాలి. వికారాబాద్ బోర్లలో అన్ని నీళ్లెక్కడివి? అందుకే నా చూపు కోనసీమ మీదికి పోతుంది. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో పైకి కనిపించే బసాల్టే రాజోలు కింద చాలా లోతున ఉందని చమురు బావులు తవ్వినప్పుడు తేలింది. పక్కనే సముద్రం. ఉప్పునీటితోనూ ఈ పని చేయవచ్చా అని ఐస్‌లాండ్‌లో ఇప్పటికే చూస్తున్నారు.

కానీ కోనసీమకు గొట్టమంటే భయం, అది ఊరికే వచ్చింది కాదు. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) రెండు నెలలు మండింది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. కార్బన్ డయాక్సైడ్ మండదు, నిజమే. అయితే గాలికంటే బరువు కాబట్టి పల్లంలో నిలిచి ఊపిరాడనివ్వదు. 2020లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం సటార్షియాలో ఈ వాయువును మోసే పైపు పగిలి 45 మంది ఆస్పత్రి పాలయ్యారు. కోనసీమంతా పల్లమే.

పత్తి కట్టెను కాల్చి పారేయకుండా బయోచార్ (గాలి తగలకుండా కాల్చి చేసే బొగ్గు) చేసి పొలంలో కలపడం మంచిదే, చిన్న ఎత్తున. గాలిలోంచే నేరుగా పీల్చే యంత్రాలు ప్రస్తుతానికి మన స్తోమతకు మించినవి.

కోరింగ మడ అడవుల్ని, నల్లమలను కాపాడుకోవాల్సిందే. వాటి బురదలో, వేళ్లలో ఇప్పటికే ఉన్న కార్బన్‌ను బయటికి వదలకపోవడం అన్నిటికంటే చవకైన పని. కానీ బొగ్గు లెక్కను, సున్నపురాయిని కాల్చక తప్పని సిమెంటు లెక్కను ఆ అడవుల పద్దులో రాయకూడదు. పరిశోధనకు డబ్బిచ్చేది నేనైతే రాతికే ఇస్తాను. మొదటి పరీక్ష బావి రాజోలు వైపే తవ్వమంటాను. అయితే ముందు ఊరూరా గ్యాస్ సెన్సార్లు పెట్టి, రీడింగులు పంచాయతీ ఆఫీసులో అందరికీ కనబడేలా ఉంచి, గ్రామసభ సరేనన్నాకే గొట్టం దించాలి.