ఐదేళ్ల ఇంక్యుబేటర్: వేడి సంగతి సరే, ఆ 5.0 అంకెతోనే గొడవ

జడ్చర్ల దగ్గర మా చిన్న ల్యాబ్‌కు ఈ సీఓటూ ఇంక్యుబేటర్ (కణాలను వెచ్చగా, తగినంత కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో పెంచే పెట్టె) వచ్చి ఐదేళ్లయింది. మందు కాగలవనుకునే రసాయనాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయేమో హెప్‌జీ2 అనే మనిషి కాలేయ కణాల మీద చూడటం నా పని. ఆ కణాలు బతికేది ఈ పెట్టెలోనే.

మొదటి ఏడాది దీన్ని తెగ పొగిడాను. వాటర్ జాకెట్ మోడల్. మే నెలలో రెండు గంటలు కరెంటు పోయినా లోపల 37 డిగ్రీల నుంచి పెద్దగా కదల్లేదు. గోడల్లోని నీళ్లు వేడిని ఆపుతాయి గానీ గ్యాస్‌ను ఆపవు కదా అని అప్పుడు తట్టలేదు.

నా కోపమంతా డిస్‌ప్లే మీది 5.0 మీదే, అంటే లోపల సీఓటూ ఐదు శాతం ఉందని చెప్పే అంకె మీద. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు తలుపు తీస్తే, నారింజ ఎరుపులో ఉండాల్సిన మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పట్టుకుచ్చు పువ్వు రంగుకు తిరిగి ఉంది. గ్యాస్ తగ్గితే మీడియం క్షారమవుతుంది, అందులోని ఫినాల్ రెడ్ ఆ రంగు చూపిస్తుంది. డిగ్రీలో చదివిందే. కానీ ఎదురుగా 5.0 కనిపిస్తోంది, సిలిండర్ నిండుగా ఉంది! మీడియం పాడైందనుకుని సీసా పారబోసి కొత్తది పోశాను. మర్నాడు మళ్లీ అదే రంగు. పండగనాడు ఇంట్లో అమ్మ గునుగు పూలు పేరుస్తుంటే నేను ఫోన్లో కణాల ప్లేట్ల ఫొటోలు చూస్తూ కూర్చున్నా. తర్వాత పక్క ల్యాబ్‌లో చేతి సీఓటూ మీటరు అడిగి తెచ్చి పెడితే 2.4! మూడు వారాల ప్లేట్లు బ్లీచ్‌లో కలిశాయి.

ఇంజినీరు తొమ్మిది రోజులకు వచ్చాడు. “ఇది టీసీ సెన్సర్ మేడమ్, గ్యాస్ వేడిని ఎంత మోస్తదో చూసి సీఓటూ లెక్క కడ్తది, తేమా వేడీ మారితే లెక్క తప్పుతది. మీటరుతో చూసుకుంటుండాలె” అన్నాడు. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌కు తేమతో ఈ బాధ తక్కువ, ధరే ఎక్కువ.

ఇప్పుడు పై అరలో కణాల్లేని ఫ్లాస్క్ ఒకటి, ఉత్త మీడియంతో, మూత వదులుగా పెట్టి ఉంచుతున్నా. పొద్దున రాగానే ముందు దాని రంగు, తర్వాతే అంకె.

మాకున్నది ఇదొక్కటే, నలుగురం రోజంతా తలుపు తీస్తూనే ఉంటాం. అంతగా తెరవని చోట బాగానే నడుస్తుందేమో. ఇక్కడి కరెంటుకు మళ్లీ కొన్నా వాటర్ జాకెట్‌దే తీసుకుంటా, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌తో. కదపాలంటే మాత్రం నీళ్లన్నీ తోడాలి. మొన్న గది మార్చినప్పుడు నడుం పట్టేసింది.