పేర్లు దాచుకోవాలా, షరతులు దాచుకోవాలా? హబ్‌స్పాట్ లిస్టుల్లో ఏది మేలు?

మెయిల్ ఎవరెవరికి వెళ్లాలో ప్రతిసారీ మొదటినుంచి ఏరుకోకుండా, కస్టమర్ల వివరాలు దాచి వాళ్లకు మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ హబ్‌స్పాట్‌లో రెండు రకాల లిస్టులున్నాయి (2025 నుంచి వీటిని సెగ్మెంట్లు అంటోంది). స్టాటిక్ లిస్ట్ సేవ్ చేసిన రోజున షరతులకు సరిపోయినవాళ్లను పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. యాక్టివ్ లిస్ట్ షరతులను గుర్తుపెట్టుకుంటుంది. కొత్తవాళ్లు చేరుతుంటారు, సరిపోనివాళ్లు జారిపోతుంటారు.

నెలనెలా పంపే మెయిళ్లకు యాక్టివ్ లిస్టే మేలు, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే తేదీ దగ్గర జాగ్రత్త. "చివరి కొనుగోలు జనవరి 1 తర్వాత" అని పెడితే, ఎప్పుడో జనవరిలో కొని మళ్లీ రానివాళ్లు డిసెంబర్‌లోనూ "ఈమధ్య కొన్నవాళ్లు"గానే ఉంటారు. "గత 90 రోజుల్లో" అని పెడితే ఆ గడువు రోజుతోపాటే జరుగుతుంది, మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఇంకోటి, "మెయిల్ తెరిచినవాళ్లు" అన్న షరతును నమ్ముకోవద్దు. తెరిచారా లేదా అన్నది మెయిల్‌లోని బొమ్మ లోడ్ అయిందా అన్నదాన్నిబట్టే లెక్కిస్తారు. 2021లో ఐఓఎస్ 15తో ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ మెయిల్‌లోని బొమ్మలను ముందే లోడ్ చేస్తుంది కాబట్టి, చదవనివాళ్లూ తెరిచినట్టే లెక్కలో పడతారు. క్లిక్ చేశారా, కొన్నారా అన్నవే చూడండి.

మరి స్టాటిక్ దేనికి? జరిగిపోయినదానికి. వెబినార్‌కు వచ్చినవాళ్లు, తప్పు ధరతో బిల్లు పడ్డవాళ్లు. క్షమాపణ మెయిల్ అందుకున్నవాళ్లకే రెండో మెయిల్ కూడా వెళ్లాలి, మధ్యలో ఒక్క పేరూ మారకూడదు.

చాలామంది మంచి యాక్టివ్ లిస్ట్ ఒకటి కట్టి, దాన్నే క్లోన్ చేసి, ఊరు పేరు మాత్రం మార్చుకుంటారు: విజయవాడ, వరంగల్, కర్నూలు. పని త్వరగానే అవుతుంది. చిక్కేమిటంటే క్లోన్ అయ్యాక దేని దారి దానిదే. అసలు లిస్టులో షరతు దిద్దితే కాపీల్లో మారదు, ఒక్కొక్కటీ తెరిచి దిద్దాలి. అందుకని "వీళ్లకు పంపకూడదు" అనేవాళ్లకు విడిగా ఒక యాక్టివ్ లిస్ట్ కట్టండి: సిబ్బంది, పోటీ కంపెనీలవాళ్లు, ఏడాదిగా ఒక్క క్లిక్కూ లేనివాళ్లు. ప్రతి కాపీలోనూ "ఆ లిస్టులో లేనివాళ్లు" అన్న షరతు పెడితే, రేపు ఒక్కచోట దిద్దినా అన్నిట్లోనూ అమలవుతుంది.

ఈ మినహాయింపు లిస్టే అన్నిటికంటే ముందు కట్టమంటాను. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్ల స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ గట్టిగా చెబుతోంది. ఆసక్తి చచ్చిపోయినవాళ్లకు పంపుతూ పోతే, ఇష్టంగా చదివేవాళ్లకు వెళ్లాల్సిన మెయిల్ కూడా స్పామ్‌లో పడుతుంది.